మణికూండు కాడ దిగి

మొన్న మా మనవరాలి బడి నుంచి ఫోనుకు మెసేజి వచ్చింది. శుక్రవారం పిల్లలందరూ తమ సొంత రాష్ట్రం వేషంలో రావాలట, ఆ రాష్ట్రపు మాట ఒకటి అట్టమీద రాసి పట్టుకురావాలట. ఆ పిల్ల నా ఒళ్ళో చేరి, "అవ్వా, మన స్టేట్ ఏంది? ఆంధ్రానా, తమిళనాడా?" అని అడిగింది. "ఈడనే గదా పుట్టినావు, పుదుచ్చేరి" అన్నాను. "అట్లయితే మనం తెలుగెందుకు మాట్లాడతాం?" అంది. మాది రాష్ట్రమా కాదా అన్నది ఢిల్లీవాళ్ళు తేల్చాల్సిన సంగతి, మేం మాత్రం స్టేట్ అనే అంటాం. దాని చిక్కు అది కాదు. మా తాతలూ ముత్తాతలూ తప్పించుకు తిరిగిన ప్రశ్నను పట్టుకొచ్చి నా ఒళ్ళో పెట్టింది. మా వాళ్ళలో దానికి జవాబు చెప్పిన మనిషి ఒక్కతే, మా అత్త. అదీ మామూలుగా చెప్పలేదు, పాడి చెప్పింది.

అత్త అంటే మా మేనమామ భార్య. ముత్తియాల్‌పేటలో మా వెనక సందులోనే వాళ్ళ ఇల్లు. పొద్దున్నే వాకిట్లో ఆమె వేసేది ముగ్గు, గడప అవతల నిలబడి మెచ్చుకునే పక్కింటావిడకు అదే కోలం. మా బతుకంతా ఆ గడప మీదే నడిచింది. లోపల తెలుగు, బయట అరవం, ఆఫీసుకు పోతే ఇంగ్లీషు. ఇంత తెలుగు మాట్లాడినా చదవడం మాత్రం మాలో ఎవరికీ రాదు, పెళ్ళి పత్రికలు కూడా అరవంలోనే అచ్చు వేయించుకునేవాళ్ళం. నెల్లూరు వైపు పెళ్ళిళ్ళకు పోతే అక్కడి చుట్టాలు మా మాట విని నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. తిరిగి ఊరికొస్తే రేషన్ క్యూలో నిలబడ్డవాళ్ళు "మీరు ఆంధ్రా ఆళ్ళు గదా, ఎప్పుడొచ్చారు?" అని అడిగేవాళ్ళు. అత్త ఏమాత్రం తడుముకోకుండా, "నేను ఆస్పత్రి నుంచి వచ్చినానమ్మా, పుట్టినప్పుడు" అనేది. అందరూ నవ్వేవాళ్ళు, ఆమె మటుకు నవ్వేది కాదు. ఆ ప్రశ్న ఆమెకు ఎంత గుచ్చుకునేదో పక్కనున్న నాకు తెలుసు.

కొన్నేళ్ళ కిందట ఇందిరా నగర్‌లో కాలనీ సంఘంవాళ్ళు మన రాష్ట్రం కళల పండుగ చేస్తామని బయల్దేరారు. కాలాపేట నుంచి పడవ పాటలవాళ్ళు, కోలాటం ఆడే ఆడపిల్లలు, నాయనం, డోలు, అన్నీ కుదిరాయి. పెళ్ళిళ్ళలో అత్త పాడే నలుగు పాట సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, ఆమెను, ఆమెకు వంత పాడే మమ్మల్ని కూడా పిలిచారు. నలుగు మా ఇళ్ళల్లో పెద్ద సందడి. పెళ్ళికొడుక్కూ పెళ్ళికూతురికీ పసుపు, పిండి పూస్తూ, ఆ వంకన మగపెళ్ళివారిని ఉతికి ఆరేయడం. అందులో అత్తకు ఎదురు లేదు. వియ్యపురాళ్ళు ఆమెకు జడిసి ముందే కాఫీ ఇచ్చి మంచి చేసుకునేవాళ్ళు. పిలవడానికి వచ్చిన కుర్రకార్యదర్శికి ఆమె ఒకటే చెప్పింది. "పాడతా. అయితే మమ్మల్ని ముత్యాలపేట ఆళ్ళని పిలవాల. వేరే ఊరి పేరు చెప్తే మెట్టెక్కను." అతను సరే సరే అన్నాడు. ముత్తియాల్‌పేటను మేం ఇంట్లో ముత్యాలపేట అనే అంటాం, ముత్యం రెండు భాషల్లోనూ ముత్యమే కదా.

మా వెనకాల కట్టడానికి ఒక బ్యానరు కావాలన్నారు. యానాం నుంచి అతిథిగా వస్తున్న తెలుగు మాస్టారు 'ముత్యాలపేట తెలుగువారు' అని రాసి ఫోనులో పంపితే, అరవం తప్ప మరొకటి తెలియని ప్రెస్సులో దాన్ని అట్లాగే అచ్చు వేశారు. బొమ్మ లేదు, పువ్వు లేదు, వట్టి అక్షరాలు. కట్టే పని మామ మీద పడింది. ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, ఎంత ఎత్తుకైనా ఎక్కి తాడు బిగించి కట్టగలడు. నిచ్చెన మీద నుంచి బ్యానరును అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. అక్షరాల మీద టిక్కు మార్కుల్లాంటివి ఉంటాయే, వాటి దగ్గర ఆగిపోయాడు. "ఇవి కాళ్ళు పాపా. కాళ్ళు పైకి పెట్టుకోని ఎవురన్నా నిలబడతారా?" అన్నాడు. నిజమే అనిపించింది నాకు. నిచ్చెన పట్టుకున్న మేమందరం తలలూపాం. మామ కాళ్ళు కిందికొచ్చేలా, దారం పట్టి కొలిచినంత సమంగా కట్టాడు.

మా వంతు వచ్చింది. తెర లేవగానే ముందు వరసలో మాస్టారు మెడ పక్కకు వంచాడు, ఆపైన ఇంకా వంచాడు. ఆయన పక్కాయన చెవిలో ఏదో అన్నాడు, నవ్వు ఆ వరసంతా పాకి వెనక్కి పోయింది. కార్యదర్శి మైకులో గబగబా, "అడుత్తదు, నెక్స్ట్, మన పొరుగు రాష్ట్రం ఆంధ్రా నుంచి వచ్చిన అతిథులు" అనేశాడు. అత్త మెట్ల దగ్గర అట్లాగే నిలబడిపోయింది. వెనక్కి తిరిగిపోతుందనే అనుకున్నాను. అత్త పోలేదు. మెట్లెక్కి నేరుగా మైకు దగ్గరకు పోయింది.

ముందు అరవంలో, మేం ఎక్కడి నుంచీ రాలేదని చెప్పింది. ఆ తర్వాత మాస్టారి వైపు తిరిగి తెలుగులో, "మాకు చదవను రాదు సార్. తలకిందులుగా కట్టినామంట. పరవాలేదు, పాట తిన్నంగానే ఉండాది, వినండి" అంది. ఇక గొంతెత్తింది.

"మణికూండు కాడ దిగి మా యిల్లు యాడనిరి,
ముత్యాలపేట సందుల్లో మొగాలు సూస్తా తిరిగిరి,
సముద్రమంత నోరు మా వియ్యపురాలికి,
సందు మలుపు తిరిగితే సద్దే లేదు తల్లికి."

మణికూండంటే మా పేటలోని గడియార స్తంభం, దాని నీడన పెరగని వాడు మా పేటలో లేడు. ఆ మాట చెవిన పడగానే సభంతా మేలుకుంది. పాటలో వియ్యపురాలు బీచికి పోయి చెప్పులు పోగొట్టుకుంది, మార్కెట్లో చేప బేరమాడి నోరు నొప్పించుకుంది, కాలాపేట బస్సెక్కి నిద్రపోయి ఎక్కడో దిగింది. తెలుగు రాని వాళ్ళు సైతం ప్రతి సందు పేరుకూ ఈలలు వేశారు. ఆ పాట నెల్లూరులో పాడితే సగం అర్థం కాదు, యానాంలో పాడినా అంతే. ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊరి ఎండలో ఎండిన పాట అది. రెండో చరణానికి కాలాపేట పడవ పాటలవాళ్ళు లేచి తాళం అందుకున్నారు. మాస్టారు మెడ నిటారు చేసుకుని, కళ్ళద్దాలు తీసి తుడిచి పెట్టుకుని చప్పట్లు కొట్టాడు.

పాటయ్యాక కార్యదర్శి మళ్ళీ మైకు తీసుకున్నాడు. ఈసారి తొందర లేకుండా, "ఇప్పుడు పాడినవాళ్ళు మన ముత్తియాల్‌పేటవాళ్ళు. ఇది మన పుదుచ్చేరి పాట" అన్నాడు. అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆమె అంత సంతోషంగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు, అంత గర్వం నాకూ ఎప్పుడూ కలగలేదు. మామ మాత్రం బ్యానరు విప్పుతూ, "అయినా అవి కాళ్ళే" అన్నాడు.

కావని నాకు ఆ తర్వాత తెలిసింది. ఆ పండుగ అయ్యాకే, నెత్తిన నెరిసిన వెంట్రుకలతో పలక పట్టి తెలుగు అక్షరాలు దిద్దాను, ఆ మాస్టారే ఫోనులో నేర్పాడు. మొదటి రోజే నవ్వు ఆపుకోలేకపోయాను. మామ కాళ్ళన్నవాటి పేరు తలకట్టు. ఆ సంగతి చెబితే మామ, "పేరు పెట్టేముందు నన్నడగాల్సింది" అన్నాడు.

శుక్రవారం కోసం మనవరాలు అత్త పాత చీరను కత్తిరించి కుట్టిన పావడా కట్టుకుంటుంది. అట్ట మీద రాసిన మాట 'ముత్యాలపేట'. నేను చుక్కలు పెట్టి ఇస్తే, ముగ్గు కలిపినట్టు కలిపింది. నిన్న సాయంత్రం దాన్ని అత్తకు చూపించాం. ఆమెకు ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు, వేలితో అక్షరాలు తడుముతూ, "తిన్నంగా ఉండాదా?" అని అడిగింది. మామ అట్టను తీసుకుని, తలకట్టు పైకే ఉందని ఒకటికి రెండుసార్లు చూసి గోడకు ఆనించాడు. "తిన్నంగానే ఉండాదిలే" అన్నాడు. ఇన్ని తరాలు మా నోళ్ళలోనే తిరుగుతూ వచ్చిన మాట మా ఇంటి గోడ దగ్గరకు చేరడానికి చాలా కాలమే పట్టింది, చేరాక మాత్రం అది ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టుంది.