సంపూర్ణమ్మ ముక్కు

నర్సు ఉద్యోగంలో రిటైరైన హెలెన్ భవానీపురంలో ఉంటోంది. ఆమె ముందుగదిలో నూరేళ్ళ నాటి నూనెరంగుల పటం ఒకటుంది. అందులో ఉన్నది ఆమె అమ్మమ్మ తల్లి, మిషన్ బడి పంతులమ్మ సంపూర్ణమ్మ. ఒళ్ళో బైబిలు, తలమీద కొంగు, కోటేరేసినట్టున్న ముక్కు.

ఆ ముక్కు ఇంట్లో ఎవరికీ రాలేదు. అయినా మాట పడ్డది హెలెనే. పెళ్ళిచూపుల్లో సైతం పెద్దమ్మ పటం చూపించి, పోలికంతా ఆవిడదే, ముక్కొక్కటే తేడా అని చెప్పింది. పెళ్ళికొడుకు అబ్రహాము నవ్వి సరేనన్నాడు.

మొన్నటి వానలకు గోడ చెమ్మెక్కి పటం అంచున రంగు పెచ్చులు లేచింది. ఆటోనగర్లో లారీలకు బొమ్మలు వేసే తేజేశ్వర్ చెయ్యి మంచిదని లారీ నడిపే మేనల్లుడు జాన్సన్ చెప్పాడు. హెలెన్ పటాన్ని దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళింది.

తేజేశ్వర్ తలెత్తగానే ఆమె దుప్పటి విప్పి, అతని ముఖాన్నీ పటాన్నీ మార్చి మార్చి చూసింది. అచ్చం సంపూర్ణమ్మ ముక్కు! అతనేమో పటం మూలనున్న ‘సత్యం, పెడన’ అనే సంతకం చూసి, వెంటనే తల్లి మల్లీశ్వరికి ఫోన్ చేసి రమ్మన్నాడు. వచ్చినావిడదీ అదే ముక్కు.

సత్యం మల్లీశ్వరికి తాత. నేతపనివాళ్ళ కుటుంబం. మగ్గం ముందు కూర్చోబెడితే పోగులు తెంపి, గోడల నిండా బొగ్గుతో బొమ్మలు గీసేవాడట. తండ్రి విసిగి వదిలేస్తే, కూచిపూడి దాకా ఊరూరా తిరిగి నాటకాల తెరలు, అడిగినవాళ్ళకి పటాలు వేశాడు.

“మా తాతకి ముక్కు గియ్యటం ఒక్కటే రాదండీ. మా నాయనమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని అందరికీ ఆవిడ ముక్కే పెట్టేవాడంట. సీతమ్మకీ అదే, కొయ్యకముందు శూర్పణఖకీ అదే,” అంది మల్లీశ్వరి.

హెలెన్ నవ్వాపుకోలేక పక్కనున్న టైరు మీద కూలబడింది.

“చిన్నప్పట్నించీ నాకు లేదని అందరూ దెప్పిన ముక్కు మీ ఇంటిదా అమ్మా!”

మల్లీశ్వరి కూడా నవ్వింది గానీ, కాసేపటికి కళ్ళొత్తుకుంది. తెరలన్నీ చెదలు తినేశాయట. నాయనమ్మకి ఫోటో అంటూ ఒక్కటీ లేదట.

ఆదివారం తల్లీకొడుకులు బాగుచేసిన పటం పట్టుకొచ్చారు. హెలెన్ అక్కల్ని కూడా పిలిచి రొయ్యల పలావు వండింది. మల్లీశ్వరి చెప్పిందంతా విని అక్కలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దక్క అమలమ్మ మాత్రం, ముక్కు పరాయిదైతేనేం, చూపు మాత్రం మనదేనంది. మల్లీశ్వరి అప్పటికే కుర్చీ పటం దగ్గరికి జరుపుకుని, ఫోన్లో తన నాయనమ్మని ఫోటో తీసుకుంటోంది.