శనివారం షుగరు రిపోర్టులు

నేను పనిచేసే దవాఖాన గద్వాలల ఉన్నది. ప్రైవేటుదే, పెద్దదేం గాదు. వనపర్తిల, నాగర్‌కర్నూలుల దాని బ్రాంచీలున్నయి. పనులు సక్కగ జరుగుతున్నయా లేదా అని చూసుడు నా డ్యూటీ. పోయినేడు మా దవాఖాన పెద్దోళ్లకు ఏం బుద్ధి పుట్టిందో, కొలువు చేసుకుంటనే చదువుకో అని నన్ను పీజీ కోర్సుల చేర్పిచ్చిన్రు. సిస్టమ్స్ థింకింగ్ అంట. అంటె ఏందంటె, ఎక్కడన్న తప్పు జరిగితె దొరికిన మనిషి మీద పడి కొట్టకుండ, ఆ తప్పు ఎందుకు పుడుతుందో పనితీరు మొత్తాన్ని చూసుడు. ఇద్దరు పిల్లల తల్లిని, నా పేరు పక్కన అప్రెంటిస్ అని రాసిన్రు! నవ్వొచ్చింది గని, చదువు మాత్రం మస్తు నచ్చింది. మాకు ఇన్నేండ్లు ఇది ఎవరన్న చెప్తె ఎంత బాగుండు అనిపిచ్చింది.

కోర్సు ఆఖరుకు, పనిచేసే జాగలనే ఒక ప్రాజెక్టు చెయ్యాలె. ఏదన్న ఒక్క పనిని బాగుచేసి చూపియ్యాలె. ఏది తీసుకుందామా అని నేను ఆలోచిస్తుంటే, మా మేనేజరు సారే పిలిచి చెప్పిండు.

"శనివారం షుగరు రిపోర్టులు తప్పొస్తున్నయి మేడం. అది తీస్కో."

మాట నిజమే. పరగడుపున చేసే షుగరు పరీక్షలు శనివారం శనివారం ఎక్కువ చూపిస్తుండె. డాక్టరుకు అనుమానమొచ్చి ఇంకో దినం చేపిస్తె మామూలుగ వస్తుండె. జనం కౌంటరు కాడికొచ్చి "ఏం ల్యాబయ్యా మీది, ఉన్న పాణానికి లేని రోగం అంటగడ్తరా" అని తిడుతుండె. అంతవరకు నాకు పేచీ లేదు. కని సారు అక్కడ ఆగలే.

"కారణం వెతుకుడేం లేదు. ల్యాబుల పిల్లనే కారణం. ఆమెకు ఆదివారం ప్రార్థన మీదనే ధ్యాస, శనివారం నుంచే మనసు పనిల ఉండదు. నువ్వు చార్టులు గీసి, మంచిగ రిపోర్టు తయారు చెయ్యి. దాన్ని బట్టి కాంట్రాక్టు తీసేస్త."

నా ఒళ్లు మండింది. జవాబు ముందుగాల రాసిపెట్టుకోని లెక్క చెయ్యమంటుండు! ఇదేం న్యాయం? ఆ పిల్ల అమ్మనాయనలు బిల్డింగుల పనికి పుణె పోయి, ఇటుకలు మోసి, ఆమెను ల్యాబు కోర్సు చదివిపిచ్చిన్రు. వాళ్లింట్ల నీడపట్టున కూసోని కొలువు చేసేది ఆమె ఒక్కతే. ఆ కొలువు పోగొట్టేటందుకు నా చదువు గావాలెనా ఈయనకు?

"చూసి చెప్త సార్" అని బయటికొచ్చిన.

ముందుగాల మిషను చూపిచ్చిన. మంచిగనే ఉన్నది. తర్వాత ఒక శనివారం పొద్దంత ఆమె పక్కన కుర్చేసుకోని కూసున్న. చెయ్యి కడుక్కునుడు కాడికెళ్లి పేరు అంటించుడు దాక ఒక్క తప్పు చెయ్యలే. వచ్చిన ప్రతి మనిషిని "ఏమన్న తిన్నవా అమ్మా?" అని అడుగుతుంది. "ఏం తినలే బిడ్డా, ఒక్కపొద్దున్న" అని వాళ్లు చెప్తున్నరు. ఆమె రక్తం తీస్తుంది.

"అక్కా, ఉపాసమున్నోళ్లకు సూది గుచ్చాలంటె నాకు జర భయమైతది" అన్నది నాతోని. "మేము ఉపవాస ప్రార్థనల కూసుంటె, అది అయిపోయేదాక నీళ్లు గూడ ముట్టం. గట్లున్నోళ్లు కండ్లు తిరిగి పడిపోతరేమో అని."

నాకేం తట్టలే. ఇంటికొచ్చి కాగితం మీద గీతలు గీసుకుంట కూసున్న. గుండ్రాలు, బాణాలు, ఏం లాభం!

తర్వాతి శనివారం మా అత్తమ్మకు పరీక్ష చేపియ్యాలె. నడిమిట్ల ఏదన్న ఒక దినం పోదాం అంటె వినలే. "శనివారం ఎట్లన్న మల్దకల్ తిమ్మప్ప దేవునికి ఒక్కపొద్దుంటనాయె. ఉత్తపుణ్యానికి ఇంకో దినం కడుపెందుకు మాడ్సుకోవాలె?" అన్నది. శనివారమే మా ల్యాబుకు గంతమంది ఆడోళ్లు ఎందుకొస్తరో గప్పుడు సమజైంది. నా చిన్నబిడ్డకు జడేసుకుంట చూస్తున్న. అత్తమ్మ గలాసు నిండ చాయ పోసుకున్నది, చక్కెర దండిగ వేసుకున్నది, మీదికెళ్లి రెండు అరటిపండ్లు తిన్నది. తయారై నాతోని ఆటో ఎక్కింది. నాకు గప్పుడు గూడ బుర్రల దీపం వెలగలే.

ల్యాబుల ఆ పిల్ల అడిగింది. "ఏమన్న తిన్నవా పెద్దమ్మా?"

"ఏం తినలే బిడ్డా. ఒక్కపొద్దు."

నేను ఉలిక్కిపడ్డ. "అత్తమ్మా! పొద్దుగాల చాయ తాగినవ్ గదా? పండ్లు తిన్నవ్ గదా?"

అత్తమ్మకు రోషమొచ్చింది. "ఏమే, ఇంతమందిల నా ఒక్కపొద్దు చెడిందంటవా? చాయ తాగుడు తినుడైతదా? అన్నం ముట్టొద్దు గని పండ్లకేమున్నదే?"

వరుసల నిలవడ్డ ఆడోళ్లు అత్తమ్మ దిక్కే మాట్లాడిన్రు. "అవ్ మల్ల! చాయ లేకుంటె తలకాయ నొస్తది. మేము గూడ తాగొచ్చినం." ఆ పిల్ల సూది పట్టుకోని నా మొఖం చూసింది. "నీళ్లు గూడ తాగరనుకున్న గదక్కా" అన్నది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. దొరికింది! మిషనుల లేదు, ఆమె చేతుల లేదు. ఒక్కపొద్దుల చాయకు, పండుకు అడ్డం లేదని మా ఇండ్లల్ల చిన్నపిల్లకు గూడ ఎరుకే. ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పాలె?

ప్రాజెక్టు రాసిన. మందు చాలా చిన్నది. తిన్నవా అని అడుగుడు బంద్ చేసి, నీళ్లు తప్ప చాయ, పాలు, పండు ఏమన్న నోట్లె పడ్డదా అని అడగాలె. ముందు దినమే గా మాట చెప్పి పంపాలె. అంతే. సారు చదివి పక్కకు పెట్టిండు.

"చాయ తాగినవా అని అడుగుడు గూడ ఒక పీజీ ప్రాజెక్టేనా? సరే, ఒకటో తారీకు నుంచి పెడుదాం."

"రేపే పెడుదాం సార్, దానికేం ఖర్చున్నది?" అన్న. వినలే. ఎందుకు వినలేదో నెలాఖరుకు తెలిసింది. ఆ పిల్ల కాంట్రాక్టు మళ్ల రాయలే. ఒకటో తారీకు నాడు కుర్చీల కొత్త మనిషి కూసున్నడు, అదే నాడు కౌంటరు కాడ నా ప్రశ్న మొదలైంది. శనివారం రిపోర్టులు సక్కగైనయి. సారు నేను గీసిన చార్టే అందరికి చూపిచ్చుకుంట, "చూసిన్రా, ఆ పిల్ల పోంగనే ఎట్ల దారికొచ్చిందో" అన్నడు. నా చేతితోని గీసిన గీత! నాకు గా కాగితం చింపి పారేయాలనిపిచ్చింది.

కోర్సు నేర్పే సారుకు ఫోన్ చేసి మొత్తుకున్న. ఆయన నిమ్మళంగ విన్నడు. "రెండు మార్పులు ఒక్కసారే జరిగినయి గనక దేనివల్ల బాగైందో చెప్పలేమమ్మా. పరిమితులు అని ఆఖరు పేజీ ఉంటది, అందుల రాయి" అన్నడు. ఒక మనిషి బతుకు ఆఖరు పేజీల పరిమితా? ఆ పిల్ల గద్వాలల తిరగని ల్యాబు లేదు. తప్పుడు రిపోర్టుల పిల్ల అని మాట ముందే పోయింది. ఆఖరుకు వాళ్ల ఊరి పక్కన విత్తన పత్తి చేండ్లల్ల క్రాసింగుకు పోతుంది. పొద్దంత ఎండల వంగి పువ్వు పువ్వుకు పుప్పొడి అంటించుడు ఆ పని.

ఆ చేను కాడికి పోయి కలిసిన. "నాగర్‌కర్నూలుల మా ప్రాజెక్టుల ఆఖరు మీటింగున్నది. నిన్ను మళ్ల శనివారాలు కూసోపెట్టమని అడుగుత. కొత్త ప్రశ్నతోని నీ రిపోర్టులు గూడ సరిగొస్తె, తప్పు నీది కాదని తేలుతది. దాన్ని ఎవ్వరు కాదనలేరు" అని చెప్పిన. ఆమె పువ్వు ఇడిసిపెట్టి నా చెయ్యి పట్టుకున్నది.

మీటింగుల అదే అడిగిన. మేనేజరు సారు మొఖం ఎర్రగైంది. "తీసేసిన మనిషిని తిరిగి పిలిస్తె, తప్పు మనదే అని ఒప్పుకున్నట్టు గాదా?"

"అవును సార్, మనదే. ఒప్పుకుంటె ఏమైతది? నాకు నేర్పిందే గది గదా!" గట్టిగనే అన్న.

"నీ ప్రాజెక్టు పాస్ చేస్తున్నం గదమ్మా. మంచి మార్కులు గూడ ఇస్తున్నం. ఇంకేం గావాలె నీకు?" అన్నడు కోర్సు సారు.

"ఆమె గావాలె సార్."

ఎవ్వరు నా దిక్కు చూడలే. కోర్సు సారు కాగితం తిప్పి, నా లెక్కనే కోర్సు చదివే వనపర్తి బ్రాంచి ఆమెను తన ప్రాజెక్టు చెప్పమని పిలిచిండు.

బయటికొచ్చి మెట్ల మీద కూసున్ననో లేదో ఫోన్ మోగింది. ఆ పిల్లనే. వెనుక చేన్ల ఆడోళ్ల మాటలు వినవడుతున్నయి. నేను హలో అననే లేదు.

"అక్కా, ఎప్పటినుంచి రమ్మన్నరు?"