చిలకపచ్చ టీషర్టు వెనకాల

రాసుకో సంజనా. ఒక్క పొద్దుటి పూట ముగ్గురు మనుషుల ప్రాణాల మీదికి తెచ్చి, వీధి కుక్కలతో సహా సగం సికింద్రాబాదును నిద్రలేపి, చివరికి మౌలాలి గుట్ట మీద ఒక పెద్దమనిషి చేత దండం పెట్టించుకున్న కథ ఇది. తప్పంతా నాదే. ఆగు, అట్లా రాయకు. తప్పు నా కళ్లద్దాలది.

"నానమ్మా, షురూలనే అబద్ధం చెప్తున్నవ్."

"నువ్వు రాసే పిల్లవా, కోర్టుల జడ్జివా? నేను నా తీరుగ చెప్త, నువ్వు పుస్తకంల ఉండే తీరుగ దిద్దుకో. నడువు."

చదివేవాళ్లకు ముందు నా సంగతి తెలియాలి. రైల్వే ఆఫీసులో రిటైరైనవాళ్లు మామూలుగా భజనకో, బీపీకో అలవాటు పడతారు. నేను పరుగుకు అలవాటు పడ్డాను. మా మారేడ్‌పల్లిలో పొద్దున్నే పరుగెత్తే గుంపు ఒకటుంది. మొదట పార్కు చుట్టూ, తర్వాత వీధుల చుట్టూ, ఆఖరికి ఒక ఏడాది పూర్తి మారథానే పరుగెత్తాను. ఫ్లైఓవర్లు ఎక్కి, దిగి, ఊరికి ఆ కొస నుంచి ఈ కొస దాకా! చివరి గీత దాటాక కింద కూర్చుని నా కాళ్లను నేనే వింతగా చూసుకున్నాను. ఇన్నేళ్లు చీర కుచ్చిళ్ల చాటున దాక్కుని ఇంత పని ఎప్పుడు నేర్చాయి ఇవి అని.

అలాంటి కాలు ఎక్కడ విరిగిందనుకున్నారు? వంటింట్లో. ఆవకాయ జాడీ కోసం స్టూలెక్కాను. నగరమంతా దాటిన కాలు స్టూలు దిగలేకపోయింది. జాడీ మాత్రం క్షేమం, మీ తాత ముందు దాన్నే పట్టుకున్నాడు.

చీలమండకు ఆపరేషన్ చేశారు. ఎక్స్‌రే చూస్తే మా వంటింటి అల్మారా తలుపులా ఉంది, అన్నీ స్క్రూలే. డాక్టరు ఒక్కటే మాట చెప్పాడు. "నిదానంగా వెళ్తే మళ్లీ పరుగెత్తుతారు. తొందరపడి ఇంకోసారి విరగ్గొట్టుకుంటే జీవితాంతం చేతికర్రే."

ఆ మాటతో నాకు నిద్ర పట్టకుండా పోయింది. కిటికీ పక్కన మంచం, కిటికీ బయట నా ముద్దమందారం చెట్టు. చంటిపిల్లలా పెంచాను దాన్ని. సాయంత్రం కొమ్మల నిండా మొగ్గలు ఉండేవి. తెల్లారేసరికి ఒట్టి ఆకులు మిగిలేవి. ఎవడో మసక చీకట్లో వచ్చి, గోడ మీదుగా కొమ్మ వంచి, పూలన్నీ దులుపుకుపోతున్నాడు. కొమ్మ చప్పుడు నాకు వినబడేది. "ఏయ్, ఎవడ్రా అది!" అని అరిచి, వాకరు అందుకుని, గడప దాకా వెళ్లేసరికి ఆ కొమ్మ ఊగడం కూడా ఆగిపోయేది.

"పోనియ్యవే, దేవుని కోసమే గద తెంపుకపోతున్నడు," అనేవాడు మీ తాత, దుప్పటి లోపలి నుంచే.

"దేవునికి నా చెట్టే దొరికిందా? నా కాలు బాగు కానియ్యి. ఉరికిచ్చి ఉరికిచ్చి పట్టుకుంట. గుట్టెక్కినా ఇడ్వ!"

ఈ మాట గుర్తు పెట్టుకోండి. నేను మాత్రం మరిచిపోయాను.

కట్టు విప్పాక గుంపు దగ్గరికి వెళ్లాను. మా కోచ్ షీలా, నా కూతురి వయసు పిల్ల, బడిలో పీటీ టీచరు. మాట మెత్తన, రూలు మాత్రం రాయి.

"ఆంటీ, మారథాన్ సంగతి ఇప్పుడే అడగొద్దు. నేను చెప్పినంతే ఉరకాలె. గుట్టలు, మెట్లు వద్దు. ముందల ఉరికి వేగం చూపెట్టే పేసర్‌ను దాటొద్దు. ఒక్కసారి మాట తప్పినా నిన్ను మళ్లీ మారథాన్‌కు పంపియ్య. నీ కాలు పోతే నేను అంకుల్‌కు ముఖం ఎట్ల చూపియ్యాలె?"

దెబ్బ తగిలినవాళ్లను అందరికంటే ముందు, ఇంకా మసకగా ఉండగానే బయల్దేరదీస్తారు. అప్పుడే అందరితో కలిసి చాయ్ బండి చేరుకోగలం. ఆ నెల దెబ్బలవాళ్లలో నేనొక్కదాన్నే. నా ముందు చిలకపచ్చ టీషర్టు వేసుకుని పేసర్ ఫణి, ఇరవై ఏళ్ల పిల్లాడు. అతను ఎంత వేగంతో వెళితే నేనూ అంతే. నా వెనక సైనిక్‌పురి సుబేదారు గారు, మెడలో విజిల్‌తో. ఆఖరి మనిషి ఒంటరిగా మిగిలిపోకుండా వెనకాలే రావడం ఆయన డ్యూటీ. ఆయన చేరేదాకా గుంపులో ఎవరూ చాయ్ ముట్టరు. ఎంత ఆకలేసినా, ఎంత చలేసినా సరే. ఈ రూలు విన్న మొదటిరోజు నేను రెండుసార్లు అడిగి నిజమేనని తేల్చుకున్నాను. ఇంట్లో నేను చేరకముందే ఇడ్లీలన్నీ అయిపోతాయి మరి.

ఇక అసలు రోజు. చెమటకు జారుతున్నాయని కళ్లద్దాలు నడుము సంచీలో పెట్టుకున్నాను. అవి లేకపోతే ఎదుటి మనిషి కూడా నాకు రంగు మాత్రమే. ఫణి ముందు వెళ్తున్నాడు. ఎక్కడ గుంత ఉందోనని నేను తల వంచుకుని నా కాళ్లనే చూసుకుంటూ పోతున్నాను. మధ్యలో ఆ పిల్లాడికి ఒంటికి వచ్చిందట, సిగ్గుపడి చెప్పకుండా ఏదో గోడ చాటుకు తప్పుకున్నాడు. నేను తలెత్తేసరికి మా సందు మలుపులో చిలకపచ్చ టీషర్టు. చేతిలో ఏదో సంచీ. నా కోసం నీళ్లు పట్టుకున్నాడు, బంగారు తండ్రి అనుకుని వెనక పడ్డాను.

అతను వెనక్కి తిరిగి చూశాడు. వేగం పెంచాడు. ఓహో, షీలా చెప్పి పంపింది, నా కాలికి పరీక్ష పెడుతున్నారు! నేనూ పెంచాను. అతను రోడ్డు దాటాడు. నేనూ దాటాను. అతను ఆగి, కాలిలో ముల్లు తీసుకుంటున్నట్టు వంగాడు. పేసర్‌ను దాటకూడదు కదా, నేను అతని వెనకే నిలబడి, ఉన్నచోటే గంతులు వేస్తున్నాను. అతను వంగినవాడు వంగినట్టే కాళ్ల సందులోంచి నన్ను చూశాడు. చూసి, ముల్లు సంగతి వదిలేసి లేడిపిల్లలా లంఘించాడు.

వెనక నుంచి విజిల్ మీద విజిల్. "మేడమ్! మెల్లగ! ఆగుండ్రి జెర!"

పాపం, సుబేదారు గారికి మీసం పెద్దది గానీ ఊపిరి చిన్నది అనుకున్నాను. "మీరు నిమ్మళంగ రాండ్రి సార్! నాకేం తక్లీఫ్ లేదు!" అని అరిచి ఇంకా గట్టిగా పరుగెత్తాను.

లాలాగూడ దాటాం. మల్కాజ్‌గిరి సందుల్లో వాకిళ్లు ఊడ్చే ఆడవాళ్లు చీపుళ్లతోనే నిలబడి చూశారు. ఒక పాలప్యాకెట్ల ఆయన సైకిలు ఆపి కేక వేశాడు.

"ఏమైందమ్మా, గొలుసు గుంజుకపోయిండా? పట్టాల్నా?"

"కాదు బిడ్డా, మనోడే! నాకు నేర్పిస్తుండు!"

'పట్టాల్నా' అన్న మాట వినబడ్డాక ముందున్నవాడి పరుగు చూడాలి! చెప్పు ఒకటి ఊడితే వెనక్కి కూడా రాలేదు. పేసర్ చెప్పులతో పరుగెత్తుతాడా అని అప్పుడైనా అనుమానం రావాలి కదా? రాలేదు. ఈ కాలం పిల్లలకు అదొక ఫ్యాషనేమో అనుకున్నాను.

"నానమ్మా, నిజంగనా?"

"నీ చిరుగుల ప్యాంటు చూసినంక ఏదైనా నమ్ముత బిడ్డా. రాయి."

మౌలాలి రైల్వే క్వార్టర్ల దగ్గర ఒక గేటు ముందు అతను కాస్త తడబడ్డాడు. నన్ను చూశాడు, గేటును చూశాడు, ఏడుపు గొంతుతో ఏదో గొణుగుతూ గేటు దాటి గుట్ట వైపు తిరిగాడు. నేరుగా మెట్లెక్కాడు.

అక్కడ నేను ఆగాను. మెట్లు వద్దంది షీలా. చేతికర్రే అన్నాడు డాక్టరు. కింద నిలబడి పైకి చూస్తే ఆ మెట్లకు చివరే లేదు. కానీ పేసర్ ఎక్కుతున్నాడంటే షీలా ఒప్పుకున్నట్టే కదా? ఒక మెట్టు మీద ఆ కాలు పెట్టాను. స్క్రూలు విరుగుతాయని కళ్లు మూసుకున్నాను. ఏమీ కాలేదు. ఇంకో మెట్టు. ఏమీ కాలేదు. నిజం చెబుతున్నాను, ఆ తర్వాత నేను ఎక్కలేదు. నా కాలే నన్ను ఎక్కించింది. బాత్రూమ్ గడప దాటడానికి గోడ పట్టుకుని ఏడ్చిన కాలు అది. దానికి ఎవరు చెప్పారు, విరిగిన చోట మళ్లీ అతుక్కోవాలని? చీకట్లో, కట్టు లోపల, నేను మంచం మీద పడుకుని దాన్ని తిట్టుకుంటున్న రోజులన్నీ అది చప్పుడు చేయకుండా తన పని తాను చేసుకుంటూనే ఉందన్నమాట.

పైకి చేరేసరికి సూర్యుడు అప్పుడే లేస్తున్నాడు. గుట్ట మీది పెద్ద పెద్ద రాతి గుండ్లన్నీ ఎర్రబడ్డాయి. కింద రైలు పట్టాలు దారాల్లా మెరుస్తున్నాయి. ఎక్కడో గూడ్సు బండి కూత వేసింది. మేం వచ్చిన దారి, ఇళ్లు, మేడలు, నీళ్ల ట్యాంకులు, మా మారేడ్‌పల్లి దాకా రంగురంగు మరకల్లా మంచులో తేలుతున్నట్టున్నాయి. ఇంత దూరం నేనే వచ్చానా? నోట మాట రాలేదు. నాకు, సంజనా! నోట మాట రాలేదు!

అప్పుడు చిలకపచ్చ టీషర్టు రొప్పుతూ నా ముందుకొచ్చి, సంచీ చాపాడు. నిండా ఎర్రెర్రని పూలు.

"అమ్మా, ఇగో, మొత్తం తీస్కోండ్రి. ఒక్కటి సుత ఉంచుకోలే."

గుట్టెక్కినందుకు సన్మానం! నేను సిగ్గుపడుతూ తల వంచాను. "గిదంత ఎందుకు నాయనా, నేనేం అంత గొప్పపని చేసిన? షీలా పంపిందా?"

"ఏ షీలానో నాకెర్క లేదమ్మా. తప్పయింది. ఇగ మీ గోడ జోలికి రాను. దండం పెడ్త, నా ఎన్క పడకుండ్రి!"

"గోడేంది?"

నడుము సంచీలోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాను. ఫణి లేడు. బట్టతల, తెల్ల మీసం, ఒక కాలికే చెప్పు ఉన్న పెద్దమనిషి ఉన్నాడు. సంచీలోకి చూశాను. నా ముద్దమందారాలు! మా కిటికీ పక్కనివి!

ఇంతలో సుబేదారు గారు వచ్చి, సరిగ్గా నాకు ఒక్క మెట్టు కింద ఆగిపోయారు. ఆయన మీసం చెమటకు రెండువైపులా వాలిపోయింది.

"సార్, ఈయన ఫణి కాదని ఎర్కైతే ముందుకొచ్చి నన్ను ఆపొచ్చు గద!"

"ఎట్లొస్త మేడమ్? ఎన్క ఉండుడు నా డ్యూటీ. ఆఖరి మనిషిని దాటి నేనెన్నడు పోలే." ఊపిరి పీల్చుకుని, పెద్దమనిషి వైపు చూశారు. "ఇంతకు ఈయనెవరు?"

"నా పూల దొంగ," అన్నాను.

ఆయన పేరు నర్సింగరావు. షుగర్ వచ్చిందట. డాక్టరు పరుగెత్తమన్నాడు, భార్య పూజకు పూలు తెమ్మంది, రెండు పనులూ ఒకేసారి అవుతాయని మారేడ్‌పల్లి దాకా వచ్చేవాడు. ఆ టీషర్టు కొడుకు కొనిచ్చాడు. ఆ రోజు నన్ను చూసి చెట్టు గలామె అనుకున్నాడు. వెనక విజిల్ విని పోలీసులూ వస్తున్నారనుకున్నాడు. ఇంటికి పోతే ఇల్లు తెలిసిపోతుందని గుట్టెక్కాడు. పాపం, అతను అనుకున్నవాటిలో మొదటిది అక్షరాలా నిజం. ఏమీ తెలియకుండా పరుగెత్తినదాన్ని నేనొక్కదాన్నే.

మంచంలో పడి ఉన్నప్పుడు ఆయన కోసం ఎన్ని తిట్లు దాచిపెట్టానో! ఒక్కటీ నోటికి రాలేదు. "నువ్వు ఉరకకపోతే నేను ఈడికి వస్తుంటినా?" అన్నాను. ఆయన నేను తిడుతున్నాననుకుని మళ్లీ దండం పెట్టాడు.

దిగేటప్పుడు మాత్రం నా అతిశయం దిగిపోయింది. ఒక చెయ్యి నర్సింగరావు పట్టుకున్నాడు, వెనక నుంచి సుబేదారు గారు భుజం పట్టుకున్నారు. ఆటోలో చాయ్ బండి దగ్గరికి చేరేసరికి ఎండెక్కింది. గుంపంతా అక్కడే ఉంది. గ్లాసుల్లో పోసిన చాయ్ మీద మీగడ కట్టింది. ఒక్కరూ ముట్టలేదు. ఫణి కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చినట్టున్నాడు పిచ్చి పిల్లాడు. నా కోసం ఇంతమంది ఆకలితో నిలబడటమా! గుట్ట మీద చూసిన సూర్యుడు దీని ముందు చిన్నవాడనిపించాడు.

షీలా గబగబా నా దగ్గరికి వచ్చింది. రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చుని, నా బూటు విప్పి, చీలమండ చుట్టూ వేళ్లతో నొక్కింది. నా మారథాన్ మొత్తం ఆ వేళ్ల కింద ఉంది.

"ఈడ నొస్తుందా?"

"లేదు."

"ఈడ?"

"లేదు బిడ్డా."

"నిజం చెప్పు ఆంటీ."

"నొస్తలేదు షీలా. సిగ్గయితుంది, అంతే."

షీలా నా బూటు మళ్లీ తొడిగి లేసు కట్టింది. తల ఎత్తేసరికి కళ్లలో నీళ్లు, పెదవుల మీద నవ్వు. "వారం దాక ఇల్లు కదిలినవంటే సూడు. రేపే డాక్టరుకు చూపియ్యాలె."

"తర్వాత?"

"ఆయన సరే అంటే మారథాన్‌కు పంపిస్త. మాట తప్పలే నువ్వు. పేసర్‌ను దాటలే. గా పేసరే మనోడు కాదు." తర్వాత నర్సింగరావును పైనుంచి కిందికి చూసింది. "అంకుల్, ఒక చెప్పుతోని గింత ఉరికిన్రు. బూట్లేస్తే ఎంత ఉరుకుతరు?"

అట్లా మా గుంపులోకి దొంగ చేరాడు. ఇప్పుడు గోడ మీదుగా కొమ్మ వంచడు, బెల్లు కొట్టి పూలు అడిగి తీసుకెళ్తాడు. డాక్టరు కొత్త ఎక్స్‌రే చూసి తల ఊపాడు. నేను మారథాన్ పరుగెత్తాను, నిదానంగా, మొత్తం. కాళ్లు ఇక కదలమని మొండికేసిన చోటల్లా నర్సింగరావు నా ముందుకొచ్చి, టీషర్టు వెనక గుచ్చుకున్న మందారం చూపించి, "అమ్మా, మీ పువ్వు తీస్కపోతున్న!" అని అరిచేవాడు. కాళ్లకు ఎక్కడి నుంచి బలం వచ్చేదో ఇప్పటికీ నాకు తెలియదు. చివరి గీత దాటిన ఆఖరివాళ్లలో నేనొకదాన్ని. నా వెనక ఒకే ఒక్కరున్నారు, విజిల్‌తో.

ఇక నా ప్రతిజ్ఞ రాసుకో సంజనా, పెద్ద అక్షరాలతో. మౌలాలి గుట్ట సాక్షిగా, నా చీలమండలోని స్క్రూలన్నిటి సాక్షిగా, ఇకమీదట కళ్లద్దాలు పెట్టుకుని, ముఖం చూసి, పేరడిగి తెలుసుకోకుండా నేను ఏ మగవాడి వెనకా పరుగెత్తను.

"ముఖం సూసి, పేరడిగి, నలుగురి ముందల నన్ను చేసుకుంటివి," అంటున్నాడు పక్కగదిలోంచి మీ తాత. "నా ఎన్క ఒక్కనాడన్న ఉరికినవా?"

"నా మందారం తెంపి సూడు, ఉరుకుతనో లేదో!"