కీబోర్డు పక్కన చీటీ

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేం నాంపల్లిలో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. అబిడ్స్‌లోని ఒక ఆఫీసు కోసం నేను ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసేదాన్ని. అమెరికా డాక్టర్లు రికార్డు చేసిన మాటలు హెడ్‌ఫోన్‌లో విని టైపు చేయాలి. మధ్యలో ఎవరైనా పిలిస్తే నాకు ఒళ్లు మండేది. అందుకే రెండో తరగతి చదివే మా స్వాతికి ఒక పద్ధతి నేర్పాను. ఏం కావాలన్నా చీటీ రాసి కీబోర్డు పక్కన పెట్టాలి, నేను చదివేదాకా మాట్లాడకూడదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అలాగే చీటీ పెట్టింది. నేను తల తిప్పకుండా ఆగమని చెయ్యి చూపించాను. ఎవరో ముసలావిడ మోకాలి నొప్పి గురించిన ఫైలు పూర్తిచేసి, అప్పుడు చదివాను.

"నానమ్మ బాత్రూంల పడ్డది. లేస్తలేదు."

పరుగెత్తాను. మా అత్తమ్మ తడి నేల మీద పడి ఉంది. నోటితో చెప్పలేదేమని స్వాతి మీద చెయ్యెత్తాను.

"పిల్లనేమనకు," అంది అత్తమ్మ. "నేను గూడ మస్తు పిలిచిన. నీకు ఇనబడలే. గట్ల నేర్పింది నువ్వే గద."

దవాఖానలో తుంటి ఎముక విరిగిందన్నారు. నాకు ఏడుపు రాలేదు. మర్నాడు వచ్చిన ఫైళ్లు ఆ రోజే టైపు చేశాను.

అత్తమ్మ కర్ర పట్టుకుని నడవడానికి నాలుగు నెలలు పట్టింది. నేను ఆ టైపు పని మానేసి చాలాకాలమైంది. గట్టిగా పిలవమని స్వాతికి ఎన్నోసార్లు చెప్పాను. అయినా ఇప్పటికీ నా దగ్గరికొస్తే ముందు నా చెవుల వంక చూసి, ఆ తర్వాతే నోరు విప్పుతుంది.