చంద్రుడి కబురు వింటేనే టైరు

ఆత్మకూరు బస్టాండు పక్కన పంచర్లు వేసే జహంగీర్ భాయ్‌కి ఒక్కటే జబ్బు. తాను చెప్పే ఇస్రో కబురు బండివాళ్లు మొదటి నుంచి చివరిదాకా వింటే తప్ప టైరు తిరిగి ఎక్కించడు. ఊడదీసిన చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడా, ఇక తాసిల్దారు వచ్చినా పెళ్లికొడుకు వచ్చినా అంతే సంగతులు!

2009లో చంద్రుడి మీద నీటి జాడ ఉందని మన చంద్రయాన్ చెప్పాక ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచేవాడు.

"చూసినవా? గాలి కనవడదు, బుడగ చెప్తది. గక్కడ నీళ్లు గూడ గంతే. చెరువు లేదు, కుంట లేదు, మట్టికి అంటుకున్నయంట!"

"సరే భాయ్, జర టైరు ఎక్కియ్యి. కోర్టుకు పోవాలె."

"చంద్రయాన్‌ను ఎవడన్న తొందరవెట్టిండా? నువ్వెంత? నిలవడు!"

ఈ గోలకు పక్కనే చాయ్ కొట్టు నడిపే సత్యమ్మ తల పగిలిపోయేది; రోజూ ఆయన్ని తిట్టిపోసేది. అసలే ఎదురుగా వెంకట్రాములు అద్దాల బేకరీ తెరిచాడు. "ఇంకెన్ని దినాలు సత్యమ్మా, ఎత్తేసుకోరాదు?" అని రోజూ నవ్వేవాడు.

"ఎవరు ఎత్తేస్తరో చూద్దాం తీ!" అనేది గానీ, లోపల గుబులే. ఆ కొట్టు పోతే ఆమెకు వేరే బతుకు లేదు. అయినా ఎందుకో చాయ్ అంతా అమ్ముడుపోయి, సాయంత్రానికి పాలు మిగలడం లేదు.

ఒకరోజు జ్వరమొచ్చి కొట్టు తెరవలేదు. మధ్యాహ్నం దవాఖానకు పోదామని బస్టాండుకు వచ్చి చూస్తే, జహంగీర్ నోరు మూసుకుని చకచకా పంచరు వేస్తున్నాడు. బండాయనే ఆశ్చర్యపోయి అడిగాడు.

"ఏంది భాయ్, ఇయ్యాల చంద్రుని ముచ్చట లేదా?"

"సత్యమ్మ కొట్టు బందున్నది. నిన్ను ఆపితే చాయ్ ఎక్కడ తాగుతవు? పో, పో."

సత్యమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది. ఓరి నీ పాడువడ! ఇన్నాళ్లూ ఈ మనిషినా తాను నోటికొచ్చినట్టు తిట్టింది!

జ్వరం తగ్గి ఆమె కొట్టు తెరిచిన రోజే వెంకట్రాములు బండి పంచరైంది. జహంగీర్ గొంతు సవరించుకోగానే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నీళ్లు దొర్కినయి, పేపర్ల చదివిన! జల్ది ఎక్కియ్యి."

సత్యమ్మ పొగలు కక్కే గ్లాసుతో అడ్డం వచ్చి నిలబడింది.

"కూసో శేఠ్. దొర్కినయని చదివితే అయిపాయెనా? ఎట్ల దొర్కినయో తెల్వకుంటనే పోతవా? జహంగీర్ భాయ్, మొదటి సంది చెప్పు!"

భాయ్ ఒక్క క్షణం బిత్తరపోయి, చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇంకాస్త బిగించాడు. వెంకట్రాములు రెండో చాయ్ అడిగేసరికి కూడా భాయ్ కబురులో రాకెట్ ఇంకా నేల విడవలేదు.