హనుమక్క సర్దిన క్రిస్మస్ పలక

ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు, చెక్క పలకల మీద తినుబండారాలు సర్ది చూపించేవాళ్ళే. మధ్యలో ఒక గిన్నె, చుట్టూ బిస్కెట్లు, ద్రాక్షపండ్లు, అదేదో పెద్ద విద్య అయినట్టు. మా కోడుమూరులో హనుమక్క ఇరవై రెండేళ్ళ కిందటే ఆ పని చేసింది. అదీ ఎవరింట్లో? మగ్గం నేసే హిందువుల ఇంటి ఆడమనిషి, క్రైస్తవులమైన మా ఇంట్లో, క్రిస్మస్ పండుగకు. అలాంటి చేతిని మా ఇంటికి దూరం చేసుకున్నది నేనే. ఎవరో చేశారని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు.

ఆమె పేరు హనుమమ్మ. పుట్టిల్లు ఎమ్మిగనూరు. పదహారో ఏట ఉరుకుందప్పను చేసుకుని మా ఎదురింటికి కోడలుగా వచ్చింది. భర్త నేస్తే ఈమె నూలు కండెలు చుట్టేది, రంగులు ఎంచేది. ఇద్దరూ కొడుకులే, ఆడపిల్ల లేదు. నాకంటే పదేళ్ళు పెద్దది. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరి దాకా వినపడుతుంది. నేను కృపారాణిని, అంగన్‌వాడీ టీచరును. మా ఆయన ఏసుకుమార్‌కు మూడెకరాల మెట్ట ఉంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. ఆ కోపాన్ని నవ్వుతూ భరించింది ఇద్దరే, ఒకరు మా ఆయన, ఇంకొకరు హనుమక్క.

మహిమ నా కడుపులో ఉన్న ఏడు మొదలైంది ఇదంతా. ఆ ఏడే మా అత్త పోయింది. క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక సంఘం వాళ్ళు మా ఇంటికి రావడం మా అత్త కాలం నుంచి వాడుక. నాకేమో చక్కిలం ఒత్తడం కూడా సరిగా రాదు. మొదటి వాయి మాడింది, రెండో వాయి నూనెలో విడిపోయింది. నేను పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తుంటే పొగ వాసనకు హనుమక్క వచ్చింది. లేచి పక్కకు జరగమంది. ఆ పూట కూర్చున్న మనిషి మర్నాడు మధ్యాహ్నానికి గాని లేవలేదు. చక్కిలాలు, నిప్పట్లు, రవ్వలడ్లు, కర్జికాయలు అన్నీ చేసింది. పిండిలో ముంచి నూనెలో కాల్చే గులాబీ పువ్వుల అచ్చు ఎన్నడూ పట్టని మనిషి, ఒక్కసారి చూసి నాకంటే బాగా తీసింది.

ఇంత చేశాక వీటిని స్టీలు పళ్ళేల్లో పోసి పెడితే ఏం బాగుంటుందని ఆమెకు తోచింది. అప్పటికి వాళ్ళ ఇంట్లో రెండు మగ్గాల్లో ఒకటి ఊడదీశారు. నేసేవాళ్ళు కూర్చునే పలక, నాలుగడుగుల పొడవుది, పొయ్యిలోకి కొడదామని ఉరుకుందప్ప గొడ్డలి తీసుకుంటుంటే లాక్కొచ్చింది. చింతపండు, బూడిద వేసి తోమి, ఎండబెట్టి, మీద విస్తరాకులు పరిచింది. చుట్టూ చక్కిలాలు అంచులా పేర్చింది. ఒక కొసన లడ్లు, గులాబీ పువ్వులు దట్టంగా పెట్టి, ఇది కొంగు అంది. నడుమ కర్జికాయలు, నిప్పట్లు వరుసకొకటి. తీపీ కారం తగలకుండా వాటి మధ్య బొరుగుల ఉండలు. చీర పరిచినట్టే ఉంది చూడటానికి. మా పాస్టరు ఏసేపు అయ్యగారు ప్రార్థన చేయబోయి, కళ్ళు మూయడానికి మనసు రావడం లేదని నవ్వించారు.

అప్పటినుంచి ప్రతి ఏడూ అదే పద్ధతి. మేము ఆరాధనకు పోయేటప్పుడు తాళంచెవి హనుమక్క చేతికి ఇచ్చేవాళ్ళం. మేము వచ్చేసరికి పలక సిద్ధంగా ఉండేది. ఆమె ఇంటికి పోయి, కొత్త చీర కట్టుకుని, మళ్ళీ చుట్టంలా వచ్చేది. అంచులో నుంచి ఎవరైనా చక్కిలం తీశారంటే చేతి మీద ఒక్కటి వేసేది, పెద్దా చిన్నా చూసేది కాదు. ఒకసారి మా ఆయనకు కూడా పడింది. మహిమ ఆమెను పెద్దమ్మా అని పిలుస్తూ ఆ ఇంట్లోనే సగం పెరిగింది. దీపావళికి నేను వాళ్ళింటికి పోయి పిండి కలిపి వచ్చేదాన్ని. వాళ్ళు దేవుడికి పెట్టినది మేము తినమని ఆమెకు తెలుసు, తినండని ఆమె ఎన్నడూ బలవంతం చేయలేదు. పంతొమ్మిదేళ్ళు ఇలాగే గడిచాయి.

మూడేళ్ళ కిందట నేను శుక్రవారం ఉపవాస ప్రార్థనలకు పోవడం మొదలుపెట్టాను. పొరుగూరి నుంచి ఒక బోధకుడు వచ్చేవాడు. విగ్రహాలకు అర్పించిన వాటిని గురించి ఆయన ఒక పూట గట్టిగా చెప్పాడు. అందులో ఆయన తప్పేమీ లేదు, హనుమక్క పేరు ఆయన ఎత్తలేదు, ఆమె ఎవరో కూడా ఆయనకు తెలియదు. ఆ మాటను తెచ్చి ఎదురింటికి అతికించింది నా బుద్ధే. అంతమంది ఆడవాళ్ళలో నేనే గట్టి విశ్వాసినని అనిపించుకోవాలని ఒక యావ పుట్టింది నాకు. ఆయనను క్రిస్మస్‌కు మా ఇంటికి పిలిచాను. వస్తానన్నాడు. ఇక నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

మా పొయ్యి ఖాళీ లేనప్పుడల్లా చేసినట్టే, ఆ ఏడు కూడా కర్జికాయలు తన ఇంట్లోనే నూనెలో కాలుస్తానంది హనుమక్క. ఇరవై నాలుగో తేదీ పొద్దున్నే బుట్ట తెచ్చుకుందామని పోయాను. ఆమె పెరట్లో బాండలి తోముతోంది. లోపల దేవుని పటాల కింద గోడకు కొట్టిన చెక్క మీద, ఆకులో ఆరు కర్జికాయలు కనిపించాయి. దేవుడికి పెట్టి మిగిలినవి మాకు పంపుతోందన్నమాట, ఇన్నేళ్ళూ ఇంతేనేమో అనుకున్నాను. పెరట్లోకి పది అడుగులు వేసి, అక్కా అవి ఏంటివి అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. పంతొమ్మిదేళ్ళ మనిషిని ఆ ఒక్క మాట అడగలేకపోయాను. బుట్ట ఎత్తుకుని వచ్చేశాను.

పండుగ రోజు ఆరాధన కాగానే అందరికంటే ముందు నేను ఇంటికి వచ్చాను. తలుపు దగ్గరికి వేసి ఉంది, లోపల పలక సిద్ధంగా ఉంది. నా కళ్ళతో చెబుతున్నాను, అంత బాగా ఆమె ఎన్నడూ సర్దలేదు. నడుమ రెండు వరుసల కర్జికాయలు, ఒక్కదాని అంచు కూడా విరగలేదు. ఆమె చీర మార్చుకోవడానికి ఇంటికి పోయి ఉంది. బోధకుడు రావడానికి అరగంట ఉంది. నేను గంప తెచ్చి కర్జికాయలన్నీ అందులోకి ఏరాను. ఖాళీ అయిన చోట బేకరీ కేకు ముక్కలు కోసి పెట్టాను. గంప పెరట్లోకి తీసుకుపోయి బర్రె తొట్టిలో కుమ్మరించాను.

తల ఎత్తేసరికి పెరటి వాకిట్లో హనుమక్క నిలబడి ఉంది. తమ మగ్గం మీదే నేసిన ఆకుపచ్చ చీర, ఎర్రంచుది, కట్టుకుంది. తొట్టి వైపు చూసింది, నా వైపు చూసింది.

“చెడిపోయినాయా కృపా?” అని అడిగింది.

అవునని ఒక్క అబద్ధం ఆడినా బాగుండేది. నా నోటికి తాళం లేదు కదా. “దేవుని ముందర పెట్టినేటివి మేము తినమక్కా. నీకు తెలీదా?” అన్నాను. గొంతు కూడా తగ్గించలేదు.

ఆమె చేతిలో ఉన్న మా ఇంటి తాళంచెవి గట్టు మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. తప్పు చేసింది కాబట్టే నోరు లేవలేదని అనుకున్నాను నేను. చూడండి నా తెలివి. బోధకుడు వచ్చాడు, ప్రార్థన చేశాడు, కేకు ముక్క ఒకటి తిని, ఇంకో ఇంటికి పోవాలని లేచాడు. పలక వంక సరిగ్గా చూసింది కూడా లేదు.

మహిమ కర్నూలులో నర్సింగు చదువుతోంది. ఆ రోజు డ్యూటీ ఉండి సాయంత్రం బస్సుకు వచ్చింది. వస్తూ వస్తూ ఎదురింట్లో దూరి, చేతిలో ఆకు పొట్లంతో మా గడప తొక్కింది. ఒక కర్జికాయ అప్పటికే నోట్లో ఉంది. అవి యాడివని నేను అరిచాను.

“పెద్దమ్మ నాకని ఎత్తిపెట్టినాది మ్మా. నేనొచ్చేలోపల మీరు అయిపోగొడతారని. పటాల కింద పెడితే వాళ్ళ మనవండ్లు చెయ్యి పెట్టరంట” అంది మహిమ. ఆ తర్వాత ఇల్లంతా చూసి, పెద్దమ్మ ఎందుకు అట్లుండాది, ఏమైంది అని అడిగింది.

చెప్పాను. మహిమ పొట్లం కింద పెట్టేసింది.

“మనకు కాల్చే పొద్దు ఆయమ్మ దీపం కూడా పెట్టదు మ్మా. మనయి కాల్చి, బుట్ట ఇల్లు దాటినాకనే దీపం పెడతాది. చిన్నప్పుడు నేనే అడిగినా. మీ యమ్మకు పట్టింపు, మనం చూసుకోవల్ల అన్నాది. నీకు తెలీదా?”

నాకు తెలియదు. ముందురోజు పొద్దున ఆ పటాల ముందు దీపం వెలగని సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. అంత పరీక్షగా ఆకు వంక చూసినదాన్ని, దీపం వంక చూడలేదు. మా నియమం చెడకూడదని తన ఇంటి దీపాన్ని ఆపుకున్న మనిషి చేతి వంటను బర్రెలకు పోశాను. అంత మాట పడి కూడా ఆ మనిషి అదే సాయంత్రం నా బిడ్డ చేతిలో పొట్లం పెట్టింది. నన్ను నేను చెప్పుతో కొట్టుకున్నా తక్కువే. ఇంకో మాట కూడా చెప్పాలి. నిజంగానే దేవుడి ముందు పెట్టి ఉన్నా, అడిగి, వద్దక్కా అని తిరిగి ఇచ్చే దారి ఒకటి ఉండేది. తొట్టిలో పోసే పని లేదు.

మర్నాడు పోయాను. తప్పయిందని చెప్పడానికే పోయాను గాని, నోరు తెరిస్తే వేరే మాటలు వచ్చాయి. పొద్దున హడావుడి, తలనొప్పి, బోధకుడు వస్తాడన్న కంగారు, అన్నీ చెప్పాను, అదొక్కటి తప్ప. ఆమె కాఫీ ఇచ్చింది. కానీలే అంది. అయిపోయిందని సంతోషపడి ఇంటికి వచ్చాను.

మరుసటి డిసెంబరులో ఎదురుచూశాను, పిండి పట్టించమని ఆమె నుంచి కబురు రాలేదు. నేనే పోయి పిలిస్తే చేతులు నొప్పి అంది. నమ్మాను. తర్వాత దీపావళికి కోడలి పుట్టింటికి పంపాలని ఆ చేతులతోనే వందల కర్జికాయలు కాల్చడం చూశాను. అప్పుడు అర్థమైంది నాకు. అట్లని పలకరించడం మానిందా అంటే మానలేదు. మాట మంచిదే, నవ్వు మంచిదే. పండుగ రోజు పిలిస్తే వచ్చి, పెట్టింది తిని, బాగుండాదని చెప్పి పోతుంది. పలక మాత్రం ముట్టదు. అంచు వంకరగా పోయినా చూసి ఊరుకుంటుంది. ఇప్పుడు ఎవరు ఏ పక్క నుంచి తీసుకున్నా చేతి మీద వేసేవాళ్ళు లేరు.

మొన్న క్రిస్మస్‌కు ఆమెకు జ్వరం తగిలి రాలేకపోయింది. ఏసేపు అయ్యగారు ప్రార్థన చేశాక ఒక పళ్ళెం నింపుకుని నేనే పోయాను. మంచం మీద కూర్చుని ఉంది. పళ్ళెం చూసి, “దీని మీద ప్రార్థన అయినాదా?” అని అడిగింది. అయిందన్నాను. తింటుందో లేదోనని నా ప్రాణం కొట్టుకుంది. ఆమె లేచి చేతులు కడుక్కుని వచ్చింది. ఒక లడ్డు తీసుకుని, వాళ్ళ గుడిలో ఇచ్చిన ప్రసాదాన్ని అద్దుకున్నట్టే రెండు కళ్ళకూ అద్దుకుని, నోట్లో వేసుకుంది.

ఇక నేను ఆపుకోలేకపోయాను. ఆమె కాళ్ళ దగ్గర కూలబడి, ఆ పొద్దు నాది తప్పక్కా, వచ్చే పండుగకన్నా నువ్వే చెయ్యి, పలక నువ్వే సర్దు అని ఏడ్చాను. ఇంతకాలానికి ఆ మాట నోట్లోంచి వచ్చింది. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. కోపం అనేది ఆ మొహంలో ఎక్కడా లేదు, ఉంటే బాగుండేది.

“నువ్వేం పెట్టినా తింటా కృపా. నేను పెట్టేదానికే భయమైతాది” అని, పళ్ళెంలో నుంచి ఇంకో లడ్డు తీసుకుంది.