తేట నీళ్లు

మిద్దె మీది డ్రమ్ములో నిలిచిన నీరు ఈ ఉదయం పచ్చబారింది. మూత తీయగానే వచ్చిన ఆ పాచివాసన నన్ను మక్తల్ సమీపంలోని మా ఊరి చెరువు గట్టుకు, నా బాల్యానికి తీసుకుపోయింది.

మాది లోతులేని చెరువు. దాని రంగును బట్టి కాలం చెప్పగలిగేవాళ్లం. తొలకరికి మెట్ట చెలకల మట్టి కరిగి ఎర్రగా నిండేది. బతుకమ్మలు వేసే నాటికి మట్టి అడుగుకు దిగి, కంటికి ఆనని నాచు పెరిగి, నీరు లేత పెసర రంగుకు తిరిగేది. చలి ముదిరిన కొద్దీ ఆ పచ్చదనం చిక్కబడి, శివరాత్రి దాటిందో లేదో, ఎవరో వడపోసినట్లు అడుగు రాళ్లు కనిపించేవి. ఊరంతా "చెరువు తేరింది" అనుకొనేది. ఆడపిల్లలం దోసిట నీళ్లు పట్టి, ఎండకు ఎత్తి, అందులో ఎగిరిపడే తెల్లని నలుసులు ఎవరికి ఎక్కువ చిక్కాయని పందెం వేసుకొని, ఆ నీళ్లే తాగేవాళ్లం.

మా అవ్వ పద్ధతి తప్పని మనిషి. ఎర్రనీటి కాలంలో పాత చీరను మడతలు వేసి బిందె మూతికి కట్టనిదే చుక్క నీరు ఇంట్లోకి రానిచ్చేది కాదు. చెరువు తేరగానే ఆ గుడ్డను ఉతికి, ఆరవేసి, దూలానికి చెక్కి పెట్టేది. ఒకసారి అమ్మ, "ఇంకొన్ని దినాలు కట్టనియ్యి అత్తా" అంటే అవ్వ నవ్వింది.

"తేట నీళ్లకు గుడ్డెందుకే పిల్లా? అద్దమోలె ఉన్నయి, నీ మొఖం చూస్కోరాదు!"

మరుసటి ఏడు మృగశిర కార్తెకు ముందు మా బాపు మడమ పైన బొబ్బ లేచి, పగిలి, తెల్లని దారం వంటి పురుగు తల బయటపెట్టింది. నారికురుపు. దానిని పుల్లకు చుట్టి, రోజూ కొంచెం కొంచెంగా, తెగకుండా లాగాలి. మంట తాళలేక బాపు సాయంత్రాలు చెరువులో కాలు పెట్టుకొని కూర్చునేవాడు. ఇంతలో వాన కురిసింది; పక్క చెలకల్లో విత్తే గొర్లు కట్టారు.

బాపు ఇంటి అరుగు మీద పుల్ల చుడుతుండగా, దారిన పోతున్న పొరుగు రైతు ఆగి, "ఏం బావా, ఇంట్ల కూసోని దారం వడుకుతున్నవా?" అని పరాచికమాడాడు.

"విత్తే పదును పోతాంది బావా, నేల ఆరుతాంది" అన్నాడు బాపు, నవ్వకుండా. అతడు కదలగానే పుల్లను బలంగా గుంజాడు.

"వద్దు కొడుకా, జర ఆగు, తెగుతది!" అని అవ్వ అరిచేలోగా పురుగు తెగింది.

కాలు వాచి చీము పట్టింది. ఆ ఏడు మా చెలక బీడు పడింది. పుండు మానినా మడమ మళ్లీ నేలకు ఆనలేదు. బాపు మళ్లీ గొర్రు పట్టలేదు.

కాలేజీలో సూక్ష్మదర్శిని కింద, మా దోసిళ్లలో ఎగిరిపడిన ఆ నలుసును చూశాను. ఒంటికన్ను, కడుపులో పచ్చని నాచు. చెరువును తేర్చినవి అవే; నాచును మేసి, నీటిని అద్దం చేసి, నారికురుపు పిల్లలను తమ ఒంట్లో మోసినవీ అవే. బాపు చల్లదనానికని పెట్టిన కాలి నుంచే ఆ పిల్లలు తిరిగి నీట చేరేవి. అవ్వ గుడ్డ విప్పిన నాడే దాని అవసరం మొదలయ్యేది. ఈ సంగతి అవ్వకు చెప్పలేదు. కొడుకు తొందరపాటును తిట్టుకుంటూ ఏడవడమే ఆమెకు మిగిలిన ఊరట.

ఇప్పుడు ఆ చెరువులో సగం సర్కారు తుమ్మ. మిగిలిన సగం ఏ కాలమైనా ఒకే పచ్చన. నారికురుపు పేరు నేటి పిల్లలు వినలేదు, వినకపోవడమే మేలు. అయితే తడిసిన గట్టు మీద ఒక పాదం నిండుగా, మరొక పాదం వేళ్ల వరకే దిగిన అడుగులు కనిపిస్తే, అవి ఎవరివో పోల్చగలిగేవాళ్లు కూడా ఊళ్లో ఎవరూ లేరు.